రెండో సిలిండరులో నూనె

తణుకులో కార్ల షెడ్డు నడిపే గంగయ్యది పెద్ద చెయ్యి. బంతిలో నెయ్యి వడ్డిస్తే ముద్దపప్పు తేలాల్సిందే. నీళ్లు కరువైన సీమల్లో దాహమిచ్చేవాడు కూడా గ్లాసు అంచు చూసి పోస్తాడు. కాలువగట్టున పుట్టినవాడికి ఆ అలవాటు ఎక్కణ్ణించి వస్తుంది? మనుషుల దగ్గర అది గుణమే. ఇంజను దగ్గర కాదని గంగయ్యకు ఓ మాఘమాసంలో తెలిసింది. అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాలేదు.

అప్పాజీ పాత అంబాసిడర్ టాక్సీ లాగడం మానేసింది. ఎల్లుండి కోరుకొండలో పెళ్లి. పెళ్లికొడుకు తండ్రి సత్తిరాజు ఆ కారే మాట్లాడుకున్నాడు. ముహూర్తాల రోజుల్లో ఒక్కసారి మాట తప్పిన టాక్సీని ఆ చుట్టుపక్కల మళ్లీ ఎవరూ పిలవరు.

గంగయ్య ఇంజను వేడెక్కించి, ప్లగ్గులన్నీ ఊడదీసి, ఒక్కో కంతలో, లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూపే కంప్రెషన్ గేజి బిగించాడు. అప్పాజీ యాక్సిలరేటర్ తొక్కిపట్టి సెల్ఫు కొట్టాడు. నాలుగు సిలిండర్లలో మూడింట్లో ముల్లు నూటపది దాకా లేచింది. రెండో సిలిండరులో మాత్రం అరవై దగ్గర చతికిలబడింది.

గాలి ఎటు పోతోందో తేలాలంటే ఆ కంతలో కాస్త నూనె పోసి మళ్లీ చూడాలి. ముల్లు పెరిగితే అరిగిన పిస్టన్ రింగుల సందుల్ని నూనె మూసినట్టు. పెరగకపోతే వాల్వును అనుమానించాలి. గంగయ్య నూనెడబ్బా వంచాడు. ముల్లు నూరు దాటింది.

"రింగులేరా అప్పాజీ. ఇంజను దింపి, సిలిండర్లు బోరు చేయించి, కొత్త రింగులెయ్యాలి. వారం పట్టుద్ది."

"ఎల్లుండి పెళ్లి పెట్టుకుని వారమంటావేంటి బాబాయ్! పెళ్లికొడుకుని బుజానేసుకుని మోసుకెళ్లనా?"

"నన్నడుగుతావేంటి? గేజినడుగు."

"ఆయిల్ చుక్క తాగదు, పొగన్నది ఎరగదు. దీనికి రింగులేంటో!" అని గొణుక్కుంటూ అప్పాజీ, బేరం వదులుకోడానికి ఎదురుగా ఉన్న టెలిఫోన్ బూత్‌కు నడిచాడు.

ఆ గొణుగుడు గంగయ్యకు గుచ్చుకుంది. రింగులు పోయిన ఇంజను ఆయిల్ తాగాలి, నీలం పొగ కక్కాలి. చేతిలో డబ్బా చూసుకున్నాడు. బాగా తేలికైంది. అంత నూనె పోస్తే లోపల చోటు తగ్గి, వాల్వు కారుతున్నా ముల్లు లేస్తుంది. సెల్ఫు కొట్టి నూనెంతా బయటికి చిమ్మించాడు. యాక్సిలరేటర్ మీద ఇటుక పెట్టి, ఈసారి చెంచాతో పోసి చూశాడు. ముల్లు అరవై దాటలేదు.

రోడ్డుకు అడ్డంపడి పరిగెత్తాడు. బూత్‌లో అప్పాజీ, "కారు రాదండి సత్తిరాజుగారూ, ఇంకో బండి..." అంటున్నాడు.

"రింగులు కాదురా! వాల్వు! ఇంజను దింపక్కర్లేదు, పైనున్న హెడ్డొక్కటీ విప్పితే చాలు, రేపు సాయంత్రానికి ఇచ్చేస్తా."

"ఒక్క నిమిషం ఉండండి సత్తిరాజుగారూ, మా ఇంజను మాట మార్చింది."

"ఇంజను కాదు, నేను మార్చా. నూనె ఎక్కువ పోశానని చెప్పు."

అప్పాజీ అవతలి మాట విని రిసీవర్ పెట్టేశాడు. "రేపు దీపాలవేళకి కారు గుమ్మంలో కనపడాలంట బాబాయ్. లేదంటే వేరే బండి చూసుకుంటారంట."

గంగయ్య అప్పటికే షెడ్డు వైపు నడుస్తున్నాడు. హెడ్డు విప్పితే, రెండో సిలిండరులో పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలి గాడిపడి ఉంది. దాన్ని మార్చి హెడ్డు బిగించాడు. మర్నాడు దీపాలు పెట్టకముందే అంబాసిడర్ సత్తిరాజు గుమ్మంలో ఆగింది.