జడ్జిగారికి చూపించిన గది

మోండా మార్కెట్ వెనక నాది పెళ్ళి వీడియోల దుకాణం. జైల్లో వీడియో తీయాలని కబురొస్తే ముందు నవ్వొచ్చింది. పిలిచిన జైలు అధికారిది తిరుమలగిరి. ఆయన కూతురి పెళ్ళి నేనే తీశాను, ఆ నమ్మకంతో పిలిచాడు.

ఇక్కడ ఏదో పెద్ద మోసం చేసి ఒకాయన విదేశానికి పారిపోయాడట. అతన్ని అప్పగించమని మన ప్రభుత్వం అడిగింది. అక్కడి కోర్టులో వాదనలు నడుస్తున్నాయి.

"ఆయన తప్పు చేసిండా లేదా అని ఆ జడ్జి తేల్చడు," అన్నాడు అధికారి. "మనం పెట్టిన కేసు వాళ్ళ దగ్గర సుత నేరమేనా, పంపిస్తే ఇక్కడ మనిషి లెక్క చూస్తరా, గంతే చూస్తడు. ఒప్పుకుంటే ఆ తర్వాత వాళ్ళ మంత్రి సంతకం. అందుకే ఆయనకిచ్చే గది చూపియ్యమన్నరు."

రంగు వాసన ఇంకా పోని గది అది. పెద్ద కిటికీ, ఫ్యాను, లోపలే బాత్రూం. అలవాటు కొద్దీ లైట్లు బిగించబోతే ఆపేశాడు.

"ఇది రిసెప్షన్ కాదు. ఉన్న వెలుతురే కనబడాలె. ఎడిటింగ్ సుత వద్దు, కట్ కనబడితే వాళ్ళు నమ్మరు."

పాట లేకుండా, కట్ లేకుండా వీడియో తీయడమంటే నాకు ఉప్పు లేని కూర వండినట్టే. గొణుక్కుంటూ తలుపు దగ్గర మొదలుపెట్టి కిటికీ దాకా వచ్చానో లేదో, పక్క బ్యారక్‌లో దగ్గు. మామూలు దగ్గు కాదు, పేగులు నోట్లోకి వచ్చేంత దగ్గు.

"ఇది వింటే ఆ జడ్జి పంపుతడా? మళ్ళ తియ్యి," అన్నాడు అధికారి.

ఒళ్ళు మండి కటకటాల దగ్గరికి వెళ్ళాను. బక్కచిక్కిన పెద్దాయన ఒకడు, కేసు ఇంకా తేలని ఖైదీ. ఆయాసం మనిషికి గాలి ఆడాలని డాక్టరు చెబితే మొన్నటి దాకా ఆ గదిలోనే ఉంచారట. రంగులు వేయడానికి ఇటు మార్చారు. ఇక్కడేమో జనం ఒకరి మీద ఒకరు.

"మాఫ్ చెయ్ బేటా, నా వల్ల తక్లీఫ్ అయింది. ఇగ దగ్గను, తీస్కో," అన్నాడు.

అన్నట్టే దగ్గలేదు. షాట్ ముగించి వచ్చి చూస్తే, తువ్వాలు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు. అధికారే పరుగెత్తుకెళ్ళి నీళ్ళు తాగించి, వీపు నిమిరాడు.

"మంచిగొచ్చిందా?" అడిగాడు పెద్దాయన, ఊపిరి కూడగట్టుకుని.

"మస్తుగొచ్చింది కాకా," అన్నాను.

"మరి నన్ను మళ్ళ ఆ గదిలకు ఎప్పుడు పంపుతరు సార్?"

అధికారి నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "ఆ పారిపోయినాయనకే ఇస్తమని రాసిచ్చినం. అక్కడ తేలేదాంక ఖాళీగనే ఉంచాలె. పంపనని ఆ జడ్జి అంటేనే నీకిస్త."

పెద్దాయన నా వైపు తిరిగాడు. కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామనే నన్ను అడిగాడు.

"గట్లయితే, నేను దగ్గితేనే మంచిగుంటుండె గదా బేటా?"