టైల్స్ కింద చాప

కామాటిపురాలో, గదికో కుటుంబం ఉండే మా చాల్ కర్ర దూలాల మీద నిలబడ్డ పాత కట్టడం. రెండేళ్ల కిందట మా గదిలో, మూలన స్నానం చేసే మోరీతో సహా, కొత్త టైల్స్ వేయించాను. పాలమూరు మేస్త్రీ బాలయ్య ముందే చెప్పాడు.

"అక్కా, కింద నీళ్లు దిగని ప్లాస్టిక్ చాప పరవాలె. కర్ర కదుల్తది, టైల్ కదలదు. చాప లేకుంటే పగుల్తది."

"టైల్స్‌కు చాపెందుకయ్యా, పండుకుంటయా?" అన్నాను. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. బాలయ్య మారుమాటాడకుండా చాప లేకుండానే పని ముగించాడు.

వానాకాలానికల్లా మోరీలో సన్నని పగుళ్లు వచ్చాయి. కింది గదిలో ఒంటరిగా ఉండే ముసలావిడ నర్సవ్వ పైకొచ్చింది.

"బిడ్డా, నా మంచం మీద నీళ్లు కారుతున్నయి."

"వానాకాలంల ఎవరింట్ల కారుతలేదు? ఆ నీళ్ల మీద నా పేరు రాసున్నదా?"

మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ నేనే గెలిచాను. తర్వాత రావడం మానేసింది.

ఒక మధ్యాహ్నం బట్టలు ఉతుకుతుంటే కింద పెద్ద చప్పుడైంది. పరుగెత్తాను. దూలం వెంట పాకిన తడికి పైకప్పు పెళ్ల ఊడి, పడుకున్న నర్సవ్వ నడుం మీద పడింది.

ఆసుపత్రిలో ఆమె నన్ను తిట్టలేదు. "నీతోటి వాదించే ఓపిక లేక మంచం ఇంకో మూలకు జరుపుకున్న బిడ్డా. జరిపిన కాడనే పడ్డది," అంది.

డిగ్రీ చదివిన నాకు, ఎదుటి మనిషి ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదని, అలసిపోయినట్టని అప్పుడు తెలిసింది.

ఆ టైల్స్ పగలగొట్టించి, బాలయ్యతోనే చాప వేయించాను. ఇప్పుడు కిందికి చుక్క నీరు దిగదు. నర్సవ్వ మంచం దిగదు.