నంబరు పలక మీది కుంకుమ

మొన్న పొద్దున మా ఇంట్లో మిక్సీ ఆగిపోయింది. చట్నీ సగం నలిగి సగం నలగక ఉండిపోతే, దాని వాడకం పుస్తకం ఎక్కడో దాచాననే నమ్మకంతో అలమారలన్నీ వెతికాను కానీ, అది ఏనాడో పాత పేపర్లతోపాటు వెళ్ళిపోయినట్టుంది. కూతురికి ఫోన్ చేస్తే, ఈ కాలంలో ఆ పుస్తకాలు ఎవరు దాస్తారు, కంపెనీ వెబ్‌సైటులో ఉంటుంది చూసుకోమంది. చూస్తే అది మోడల్ నంబరు ఇవ్వమంది. మిక్సీని తలకిందులు చేసి, కళ్ళద్దాలు తుడుచుకుని వెతికితే, ఏళ్ళ తరబడి నీళ్ళు తగిలి అక్కడ ఒక్క అక్షరమూ మిగల్లేదు. నాకు కోపం రావలసింది, రాలేదు. ఒకప్పుడు జనాన్ని ఇలా నంబరు అడిగి వేధించినవాళ్ళలో నేనూ ఉన్నాను, అదీ జీతం తీసుకుని మరీ.

వేమగల్ దగ్గర పాలు పితికే యంత్రాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నాది కాగితాల విభాగం. ఊరిగాంలో పొద్దున్నే రైలెక్కి, బంగారుపేటలో దిగి, స్టేషన్ బయట ఆగే ఫ్యాక్టరీ బస్సు కోసం పరుగెత్తిన తరంవాళ్ళం మేము. ఆ బస్సులో కిటికీ పక్క సీటు కోసం పడిన తగాదాలు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. యంత్రం ఎలా బిగించాలి, ఎలా కడగాలి, చెడితే ఏం చూడాలి అని చెప్పే పుస్తకాలన్నీ నా చేతిమీదుగానే వెళ్ళేవి. ప్రతిదానికీ ఒక నంబరు, ఆ నంబరు ప్రకారమే అరలో దాని చోటు. ఈ పిచ్చి నాకు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన మా ఊరి బంగారు గనుల స్టోర్సులో గుమాస్తా. సుత్తి కావాలని వస్తే ఇచ్చేవారు కాదట, సుత్తి నంబరు చెబితేనే ఇచ్చేవారట. దాన్ని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

చేతిఫోన్లలో ఇంటర్నెట్ అప్పుడప్పుడే పల్లెలకు చేరుతున్న రోజుల్లో, పుస్తకాలన్నీ కంపెనీ వెబ్‌సైటులో పెట్టే పని నాకు అప్పగించారు. నేను నా అరలనే తీసుకువెళ్ళి అక్కడ దించాను. ముందు యంత్రం నంబరు, దానికింద పుస్తకం నంబరు, దానికింద ఎన్నోసారి సవరించినదో ఆ నంబరు. మా పై అధికారి చూసి, పెద్ద కంపెనీలవాళ్ళ దానిలాగే ఉందని మెచ్చుకున్నారు. నాకు నేల మీద కాలు నిలవలేదు. మా చెల్లెలి మనవరాలి నామకరణానికి చుట్టాలందరూ చేరినప్పుడు, మా యంత్రాలు కొన్నవాళ్ళెవరూ ఇకమీదట మాకు ఫోన్ చేయనక్కర్లేదు, అడగవలసిందంతా అందులోనే ఉందని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. విన్నవాళ్ళలో మా పిన్ని ఒకరు.

పిన్నిది వేమగల్‌కు అవతల ఒక పల్లె. రాగి చేను కొంచెం, మామిడి చెట్లు కొన్ని, రెండు సీమావులు. ఇల్లు గడిచేది ఆ ఆవుల పాలమీదే. మోకాళ్ళు పట్టేసి కూర్చుని పితకలేకపోతుంటే, నా మాట మీదే మా ఫ్యాక్టరీ యంత్రం కొన్నది. కొని ఊరుకోలేదు, దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకుంది. మా ప్రాంతంలో ఆయుధపూజ నాడు నాగలి మొదలు మోటారు సైకిలు దాకా దేన్నీ వదలరు కదా, యంత్రానికీ ఆ మర్యాద దక్కింది. దాని ఒంటిమీద మెరిసేది ఒక్క నంబరు పలకే కాబట్టి, పిన్ని కోడలు ఏటా దాన్ని ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేది. మూడు పండుగలకు పలక అద్దంలా తేలింది, అంకెలు మాత్రం పోయాయి.

రాగి నూర్పిళ్ళ కాలంలో ఒకరోజు పిన్ని వాళ్ళ పెద్ద ఆవు, యంత్రం తగిలించగానే తన్నడం మొదలుపెట్టింది. నూర్పిడి దుమ్ము వెళ్ళి యంత్రం గాలి లాగే జోరును అదుపుచేసే చిన్న మూతలో పేరుకుంది, అంతే. మూత విప్పి దులిపితే పోయేది. దులపకపోతే లాగుడు ఎక్కువై చన్నులు కందిపోతాయి. ఆ సంగతి బొమ్మతో సహా మా పుస్తకంలో ఉంది, ఆ బొమ్మ అచ్చు సరిగా పడలేదని ప్రెస్సువాళ్ళతో పోట్లాడింది కూడా నేనే. కోడలు ఫోన్‌లో మా వెబ్‌సైటు తెరిచింది. అది నంబరు అడిగింది. పలక చూస్తే అంకెల్లేవు. బిల్లూ, యంత్రంతో వచ్చిన పుస్తకమూ దొరకలేదు. కనబడిన పుస్తకమల్లా తెరిచి చూస్తూ నాలుగు రోజులు వెతికింది, అవి ఏవేవో వేరే యంత్రాలవి. పిన్ని మోకాళ్ళు సహకరించక, ఆ నాలుగు రోజులూ యంత్రమే తగిలించారు.

అయిదోరోజు ఆ సంగతి నాకు చెప్పింది వాళ్ళు కాదు, ఆ ఊరినుంచి మా ఫ్యాక్టరీకి వచ్చే ఒక పనివాడు. సెలవు పెట్టి వెళ్ళేసరికి పశువుల డాక్టరు వచ్చి వెళ్ళారు. పొదుగువాపు, ఒక చన్ను ఇక పాలివ్వదన్నారు. యంత్రాన్ని ఒక మూలకు నెట్టి గోనెసంచి కప్పారు. పిన్ని ఆ మోకాళ్ళతోనే పీట వేసుకుని చిన్నావును పితుకుతోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, కూర్చోమన్నది.

“నంబరు యాడుందో తెలీలేదు వదినా,” అని కోడలు నెమ్మదిగా అంది, తప్పు తనదే అయినట్టు.

నాకు ఫోన్ ఎందుకు చేయలేదని పిన్నిని అడిగాను. ఆ ప్రశ్న అడిగే యోగ్యత నాకుందా లేదా అని అప్పుడు ఆలోచించలేదు.

“ఫోన్ జేస్తే నీకు పని చెడుతాదని జేయలేదమ్మా. నువ్వే అంటివి కదా, ఇంగ అడిగే పనే లేదు, అంతా దాంట్లోనే ఉండాదని. మాకే కనబడలేదేమో అనుకుంటిమి.”

అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఆరోజు నాకు కలిగిన సిగ్గు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆ సాయంత్రం కొట్టంలోనే కూర్చుని, యంత్రం మొరాయిస్తే మీరు ఏమనుకుంటారని వాళ్ళిద్దరినీ అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఆవు తన్నుతోంది, చన్నుకు తగిలించే గిన్నె జారి పడుతోంది, టకటక చప్పుడు ఆగింది, చన్ను ఎర్రబడింది. మర్నాటి నుంచి ఆఫీసులో ఆ మాటలనే వరుసగా పెట్టి, ఒక్కొక్కదానికింద దానికి సంబంధించిన పేజీ తగిలించాను. నంబరు లేనివాళ్ళకోసం యంత్రాల ఫోటోలు పెట్టాను, మూత ఎర్రదా నల్లదా అని చూసి తమ యంత్రం ఏదో పోల్చుకునేట్టు. పై అధికారి ముఖం చిట్లించి, ఆవు తన్నుతోందని కంపెనీ వెబ్‌సైటులో రాయడమేమిటి అన్నారు. బతిమాలితే అట్టడుగున ఎక్కడో ఉంచడానికి ఒప్పుకున్నారు. ఆర్నెల్లకు అందరూ తెరుస్తున్నది ఆ పేజీనే అని తేలాక, దాన్ని పైకి ఎక్కించమని ఆయనే చెప్పారు, తన ఆలోచనే అన్నట్టు.

పేజీ సిద్ధమయ్యాక పిన్నికి చూపించాను. మా వైపు బడి చదువులు కన్నడంలోనే కాబట్టి పేజీ కూడా కన్నడంలోనే ఉంది, కోడలు చదివి వినిపించింది. పిన్ని చివరిదాకా విని, “ఈ మాట ఆ పొద్దే ఉండుంటే సరిపోతుండె,” అని, పాలక్యాను కడగడానికి లేచింది. యంత్రం మీది గోనెసంచి తీయలేదు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ చేత్తోనే పితికింది.

ఇప్పుడు ఆ వెబ్‌సైటు ఇంకా మారిందట. తోచిన మాటల్లో అడిగితే అదే వెతికి పెడుతుందట, ఎవరి నంబరూ ఎవరికీ అక్కర్లేదట. మంచిదే. మా రోజుల్లో ఉదయం నుంచి మోగుతూ ఉండే ఆఫీసు ఫోన్ దగ్గర ఇప్పుడు మనిషే లేడని, పాత సహోద్యోగి ఒకావిడ సంతోషంగానే చెప్పింది. ఆ ఫోన్లలో తిట్లుండేవి, కష్టసుఖాలుండేవి, ఈసారి మామిడి ఎలా కాసిందో కూడా తెలిసేది. వాటిని తలుచుకుని బెంగపడే వయసు వచ్చింది కాబోలు నాకు. ఫోన్లు తగ్గితే కావలసింది అందరికీ దొరుకుతోందని లెక్క వేసుకునేవాళ్ళం మేము, ఇప్పటివాళ్ళూ అదే అనుకుంటున్నారు. పిన్ని నాకు ఫోన్ చేయని ఆ నాలుగు రోజులూ మా ఆఫీసు లెక్కలో అంతా సవ్యంగా ఉన్న రోజులే.