అడుగు పడని గది

మా తాపీమేస్త్రి పొద్దున్నే పనిముట్టు పట్టేముందు ఆ రోజు పగలగొట్టబోయే గోడకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. "దేవుడిచ్చిన మట్టి, ఎవరో మోసిన ఇటుక. అడక్కుండా దెబ్బ వెయ్యకూడదు" అనేవాడు. రెండు గదులు కట్టమంటే ఒకటి చాలదా అని అడిగే మనిషి కాబట్టి అందరికీ ఆయన 'చాలు మేస్త్రి'.

కుట్టుపని చేసే ఆవిడ కొడుక్కి పెళ్లి కుదిరింది. మూడు గదుల ఇంట్లో కోడలికి చోటెక్కడ అని ఇల్లు కూల్చి కట్టాలనుకున్నారు. సోమవారం కూల్చే యంత్రం వస్తుంది. తర్వాత ఏడాదిపాటు ఇరుకు అద్దె ఇల్లు. కుట్టుమిషను పెట్టుకునే చోటుండదు, కుట్టుపని ఆగిపోతుంది. కాంట్రాక్టరు ఆవిడ తమ్ముడే.

పాత తలుపులు ఊడదియ్యడానికి పిలిస్తే, మేస్త్రి తలుపు ముట్టుకోలేదు. "ఒక్కరోజు ఆగు తల్లీ" అని గదులన్నిట్లో సున్నపు పొడి పలచగా చల్లాడు.

"కూలిపోయే ఇంటికి పౌడరు పూస్తున్నావేంటి మేస్త్రీ?" అని తమ్ముడు నవ్వాడు.

"దీనికింకా పెళ్లీడు దాటలేదులే బాబూ."

సాయంత్రానికి వంటింట్లో పొడి మిగల్లేదు. మిషను చుట్టూ తొక్కుడే తొక్కుడు. ముందు గదిలో మాత్రం పిల్లి అడుగులు తప్ప ఏమీ లేవు. చుట్టాల కోసం అట్టిపెట్టిన గది అది, ఇంట్లోవాళ్ల రాకపోకలన్నీ పెరటి తలుపునుంచే. సోఫాకి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. "పద్దెనిమిదేళ్లుగా ఊడుస్తున్నానయ్యా దీన్ని! ఎవరి కోసం?"

"ఇన్నాళ్లూ పిల్లి కోసం. ఇక నీ కోడలి కోసం."

యంత్రాన్ని రావద్దన్నారు. మధ్యగదిలో పక్కసందులోకి ఉన్న కిటికీని మేస్త్రి తలుపుగా మార్చాడు. చుట్టాలు అటునుంచి రావచ్చు, ముందు గది కొత్తజంటది. మిషను ఆ కొత్త తలుపు వెలుతురులోకి జరిగింది. అంతా పదకొండు రోజుల పని. కిటికీ కింద తీసిన ఇటుకలతో వీధిలో నడిచి అలిసినవాళ్లు కూర్చోవడానికి గోడవారగా అరుగు కూడా కట్టాడు, ఎవరూ అడక్కుండానే.

కోడలు వచ్చి గది నాలుగు మూలలూ చూసుకుంది. "అత్తయ్యా, మా పుట్టింట్లో ఎనిమిది గదులు. నాకంటూ ఒక్కటి లేదు" అంది. అత్తగారి కళ్లు మెరిశాయి. గోడలు తట్టి చూసిన తమ్ముడు, "నా పొట్ట కొట్టావు మేస్త్రీ. రేపు మా ఇంట్లో కూడా కాస్త పొడి చల్లిపో" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు.

మేస్త్రి చేతులు కడుక్కుని కోడలి ముందు నిలబడ్డాడు.

"గది నీది, అందుకే నిన్నడుగుతున్నానమ్మాయ్. చాలంటే నా మాట ఎవరూ నమ్మరు. ఆదివారం ఒక్క గంట ఈ తలుపు తీసి ఉంచుతావా? ఇల్లు కూల్చాలనుకునేవాళ్లని పంపిస్తాను, ఓసారి చూసి వెళ్తారు."