మడత లోపలి లాగ్‌షీటు

మా అమ్మ పోయిన రోజు నేను జపాన్‌లో పుస్తకం కుట్టడం నేర్చుకుంటున్నాను. ఈ వాక్యాన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాసినా ఇంతకంటే మర్యాదగా రావడం లేదు.

యంత్రాల మాన్యువళ్ళు అనువాదం చేసే ఉద్యోగం నాది. ఉండేది పుణెలో. ఆఫీసు పని మీద మూడు వారాలు వెళ్ళాను. పని అయ్యాక అందరితో పాటు తిరిగి రావచ్చు, కానీ రాలేదు. తొమ్మిది రోజులు సొంత సెలవు పెట్టుకుని, ఒక చిన్న ఊళ్ళో బట్టల కొట్టు పైగదిలో, డెబ్బై దాటిన ఒకావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. పుస్తకం వీపు మీద జిగురుతో అంటించకుండా, అంచున నాలుగు కన్నాలు పొడిచి దారంతో కుట్టే పాత పద్ధతి ఆవిడ నేర్పుతారు. ఉండిపోనా అని ఫోన్‌లో అమ్మని అడిగాను. "ఉండిపో. మొదలెట్టిన పని మద్దిలో ఒగ్గీసి రాకు" అంది. సరే, అమ్మే చెప్పింది కదా అనుకున్నాను. మనకు కావలసిన సమాధానం దొరికితే రెండోసారి అడగం.

నా జపనీసు మాన్యువళ్ళ జపనీసు. బోల్టు బిగించమని చెప్పడం వచ్చు గానీ ఒంట్లో బాగుందా అని అడగడం సరిగా రాదు. ఆవిడకి అది చాలింది. మొదటి రెండు రోజులూ నన్ను సూది పట్టనివ్వలేదు. ఒక వైపే రాసిన కాగితాన్ని రాత బయటికి వచ్చేలా సగానికి మడవడం, మడత మీద గోరు కాకుండా వెదురు బద్దతో రుద్దడం, అంతే. మడత పుస్తకం తెరిచే వైపు ఉంటుంది, విడి అంచులు కుట్టు వైపు వెళ్తాయి. అంటే ప్రతి పేజీ ఒక సంచీ అన్నమాట. నాకు ఓపిక తక్కువ. ఇంట్లో అందరూ అనే మాటే. ఆవిడ అనలేదు, వంకర మడతలన్నీ విప్పి నా ముందే మళ్ళీ పెట్టారు.

కన్నాలు పొడవడం మొదలెట్టాక నాకు ఒకటే తప్పు. వాళ్ళ పుస్తకం కుడి వైపు కుడతారు. నా చెయ్యి ఎడమకే పోయేది. ఆవిడ ఏమీ అనకుండా కట్టను తిప్పి పెట్టేవారు. మూడోసారి మాత్రం నవ్వి, "మీ ఇంటి పుస్తకం కుట్టేటప్పుడు ఎడమకే కుట్టుకో" అన్నారు.

ఐదో రోజున ఆవిడ పాత పుస్తకం ఒకటి తెచ్చి, పేజీని పైనుంచి రెండు వేళ్ళతో ఉబ్బించి లోపలికి చూడమన్నారు. మడత లోపల ఇంకెవరిదో చేతిరాత. కాగితానికి కరువున్న రోజుల్లో పాత ఉత్తరాలని తిరగేసి, ఖాళీ వైపు కొత్త పుస్తకం రాసుకునేవారట. నేను ఆ ఉత్తరం పూర్తిగా చదవాలని మడతని కోసి చూడొచ్చా అని అడిగాను. ఆవిడ పుస్తకం నా చేతుల్లోంచి తీసేసుకున్నారు.

ఆ సాయంత్రం భిలాయిలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. గొంతు బొంగురుగా ఉంది. జలుబు అంది. "మీ నాన్న తెచ్చే కాయితాల్లాగన్నమాట" అని నవ్వి, దగ్గొచ్చి ఫోన్ నాన్నకిచ్చింది. నాన్న, "ఠీకే పాపా, బావున్నాం" అని పెట్టేశారు. అప్పటికి నాలుగు రోజులుగా అమ్మ ఆసుపత్రి మంచం మీద ఉందని నాకు తెలీదు.

తొమ్మిదో రోజు తెల్లవారి పక్కింటి దీదీ ఫోన్ చేసింది. నాన్న చెయ్యలేదు. రెండు విమానాలు మారి, రాయ్‌పూర్‌లో దిగి, టాక్సీలో భిలాయి కోహ్కాలో ఉన్న మా ఇంటికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దవాళ్ళు నా కోసం దహనం ఆపలేదట. నాన్న గుమ్మంలో నన్ను చూసి, "తిన్నావా" అన్నారు.

ఆ తర్వాత పదకొండు నెలలు ఆయన నాతో మాట్లాడింది దాదాపు ఆ ఒక్క మాటే. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాను. తిన్నావా, తిన్నాను, ఉంటాను. తిట్టి ఉంటే బాగుండేది. కన్నతల్లి చావుబతుకుల్లో ఉంటే దారం ఎక్కించుకుంటూ కూర్చున్నావా అని ఒక్కసారి అనేస్తే ఏడ్చేదాన్ని, ఎదురు తిరిగేదాన్ని, ఎవరూ చెప్పకపోతే నాకెలా తెలుస్తుందని అరిచేదాన్ని. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. నేర్చుకున్న కుట్టు మళ్ళీ ముట్టుకోలేదు. జపాన్‌లో ఆవిడ ఇచ్చిన నీలం అట్టకాగితం చుట్ట చుట్టినట్టే పెట్టెలో ఉండిపోయింది.

ఏడాది తద్దినానికి వారం ముందే భిలాయి వెళ్ళాను. అడగాల్సింది ఒకటుంది.

నాన్న ఉక్కు ప్లాంటులో ఫర్నేస్ దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశారు. షిఫ్టులో గంట గంటకీ లాగ్‌షీటులో రీడింగులు వేయాలి. సమయం, ఉష్ణోగ్రత, ప్రెషర్, చివర రిమార్కులు. కొత్త ఫారాలు వచ్చినప్పుడల్లా పాత ఖాళీ ఫారాలు పారేసేవారు. నాన్న అవి సైకిల్ క్యారియర్‌కి కట్టుకుని, అప్పట్లో మేముండే సెక్టర్ 6 క్వార్టరుకి తెచ్చేవారు. ఒక వైపు గళ్ళు, వెనక తెల్లగా. ఆ తెల్లవైపు నేను తెలుగు నేర్చుకున్నాను. స్కూల్లో అంతా హిందీ. ఇంట్లో అమ్మ పెట్టిన అక్షరాలే లేకపోతే ఈ వాక్యం నేను రాయలేను.

నేను ఎదిగాక ఆ కాగితాలు అమ్మవయ్యాయి. షీటుని అడ్డంగా పెట్టుకుని, మధ్యలో మడతపెట్టి గీత తెచ్చి, ఎడమవైపు ఒక సామెత రాసేది. కుడివైపు, అది ఎవరికి సరిపోతుందో. అటు అంచునా ఇటు అంచునా రెండేసి వేళ్ళ ఖాళీ వదిలేది. వాళ్ళ మాస్టారు అలా నేర్పారట. 'కోతి పుండు బ్రహ్మరాక్షసి': మా ఆయనకి జలుబు చేసినప్పుడు. 'పెరటి చెట్టు మందుకు పనికిరాదు': నేను, మా అమ్మాయి విషయంలో. 'ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి': మా అమ్మాయి. 'దూరపు కొండలు నునుపు': మా అమ్మాయి, అన్నింట్లోనూ. వీధిలో ఎవరినీ వదల్లేదు. ఆడవాళ్ళు పనిగట్టుకుని వచ్చి, మా గురించి ఏటి రాశావు చూపించమని బతిమాలేవారు.

ఆ కట్ట నాన్న బీరువాలో ఉంది. ఆవిడ పోయాక ఎవరినీ ముట్టుకోనివ్వలేదని దీదీ చెప్పింది. భోజనాల దగ్గర అడిగాను. "నాన్నా, అమ్మ కాయితాలు పుస్తకంగా కుడతాను. అక్కడ నేర్చుకున్నది అదే." నాన్న మజ్జిగ కలుపుకుంటున్నారు. నన్ను అమ్మకి దూరంగా ఉంచిన పనినే అమ్మ రాత మీద పెడతానంటున్నాను. ఎంత తలపొగరో నాకూ తెలుస్తోంది. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఇవ్వనంటే ఇంక ఈ ఇంట్లో నాకేం పని మిగలదని ఆ రోజంతా అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, పొద్దున్న టీ తాగుతుంటే ఆ కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. "కన్నం పడితే పూడ్చలేం. చూసుకుని చెయ్" అన్నారు.

సుపేలా బజారుకి వెళ్ళి చెప్పులు కుట్టే సూజా, మైనం, గట్టి నూలుదారం కొన్నాను. దుకాణం అతను, "దీదీ, జూతే సీనే హై క్యా?" అన్నాడు, చెప్పులు కుట్టడానికా అని. కాదు, పుస్తకం, కితాబ్ అంటే నమ్మలేదు.

మధ్య గది నేల మీద కూర్చున్నాను. అమ్మ గీత సరిగ్గా నడిమధ్య ఉంది. మడవగానే సామెత ముందు పేజీకి, మనిషి వెనక పేజీకి వచ్చారు. పేజీ తిప్పితే గానీ ఎవరో తెలీదు. అమ్మ వదిలిన ఖాళీ అంచు కుట్టుకి సరిపోయింది. ఆవిడ ఈ పుస్తకం కోసమే రాసిందా అనిపించి చేతులు ఆగిపోయాయి. నాన్న కుర్చీ తెచ్చుకుని కాస్త దూరంగా కూర్చున్నారు. ఒక్కో షీటు మడుస్తుంటే గళ్ళున్న వైపు లోపలికి వెళ్ళిపోతోంది. అన్నీ ఖాళీ గళ్ళే.

అడుగున మూడు షీట్లకి మాత్రం గళ్ళు నిండి ఉన్నాయి, నాన్న రాతతో.

ముందు ప్లాంటువేమో అనుకున్నాను. ఉష్ణోగ్రత నూట రెండు. ఏ ఫర్నేసు నూట రెండులో నడుస్తుంది? అప్పుడు అర్థమైంది. ఎనిమిది రోజులు, నాలుగు గంటలకోసారి, అమ్మకి లాగ్‌షీటు రాశారు. జ్వరం ఉష్ణోగ్రత గడిలో, బీపీ ప్రెషర్ గడిలో. గళ్ళు మార్చే అవసరమే రాలేదు. రిమార్కులు షిఫ్టు ఇంగ్లిషులో. 'రెండు ఇడ్లీలు తీసుకుంది.' 'కూతురి ఫోన్. చెప్పలేదు.' మళ్ళీ మర్నాడు, 'కూతురి ఫోన్. చెప్పలేదు.' అలా ఏడు చోట్ల.

ఆఖరి షీటు తిరగేశాను. వెనక అమ్మ రాత, వరుస కిందికి జారుతూ. 'ఆలస్యం అమృతం విషం.' ఒక్కటే. కుడివైపు ఖాళీ.

అమ్మ ఎప్పుడూ కుడివైపు ఖాళీ వదల్లేదు. ఆ ఖాళీలో ఎవరుండాలో నాకు చెప్పక్కర్లేదు. తొమ్మిది రోజులు ఆలస్యం చేసింది నేను. ఏడుపు ఆపుకోలేదు. "ఇది నాకే కదా నాన్నా?" అన్నాను.

నాన్న కుర్చీ దిగి నా పక్కన నేల మీద కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన నేల మీద కూర్చోవడం మానేసి ఏళ్ళయింది. షీటు తిప్పి ఆఖరి వరుసల మీద వేలు పెట్టారు. 'రాత్రి ఎనిమిది. కూతురికి చెప్పమని పేషెంటు అడిగింది. పొద్దున్న చెప్తాను.' దాని కింద పన్నెండు గంటల రీడింగు, ఆ కింద నాలుగు గంటలని వేసి ఉంది. ఉష్ణోగ్రత గడి ఖాళీ.

"చెప్పొద్దు చెప్పొద్దు అని అన్ని రోజులూ మీ అమ్మే అన్నాది. ఆ రేత్రి మాత్రం, పాపకి ఫోన్ చెయ్యి, దాని గొంతు వినాల అన్నాది. నీకక్కడ పన్నెండు కావస్తాది. పడుకునుంటావు, ఇప్పుడు లేపితే కంగారు పడిపోతావు, పొద్దున్నే చేద్దాం లేవే అన్నాను. నవ్వీసి, కాయితం ఇయ్యి అని ఇది రాసింది. ఎవరికే అని అడిగేను. తెలీనట్టు అడుగుతావేటి అన్నాది. నాకు రాసింది పాపా. నీకు కాదు."

షీటు మళ్ళీ తిప్పి అమ్మ రాత చూశాను.

"నీకు ఏటని చెప్పను? ఫోన్ తీస్తే తిన్నావా అని తప్ప నోరు రాలేదు" అన్నారు. పదకొండు నెలలు ఆయన మౌనాన్ని నేను తీర్పు అనుకున్నాను. ఆయన బోనులో నిలబడి ఉన్నారని తట్టలేదు.

షీటు నా చేతిలో పెట్టి, "ఇదొక్కటీ తిప్పి మడువు. నా రాత పైకి రానీ" అన్నారు. "రీడింగు తప్పితే లాగ్‌షీటు దాచకూడదు. ముప్ఫై నాలుగేళ్ళు నేను దాచలేదు."

తిప్పి మడిస్తే అమ్మ ఆఖరి సామెత లోపలికి పోతుంది. నాన్న తప్పు అందరూ చూస్తారు. ఆయనకి కావలసింది అదే. నాకు కోపం వచ్చింది, ఆయన మీదా, ఎనిమిది గంటల మీదా, పడుకున్న నా మీదా. పడుకుని లేనని ఇప్పుడైనా చెప్పాలి కదా. ఆ వేళకి మేలుకునే ఉన్నాను, మర్నాడు కుట్టాల్సిన దారానికి మైనం పూసుకుంటున్నాను. ఫోన్ పక్కనే ఉంది. నాకు చెయ్యాలనిపించలేదు, అంతే. అది చెప్పాను.

నాన్న నా వైపు చూశారు.

ఆ షీటుని మిగతా వాటిలాగే మడిచాను. అమ్మ రాత బయటికి, నాన్న రాత లోపలికి. మడిచి, పైనుంచి రెండు వేళ్ళతో ఉబ్బించి ఆయన కళ్ళ ముందు పెట్టాను. "దాచడం లేదు నాన్నా. చూడాలనుకున్నవాళ్ళకి ఇలా కనిపిస్తుంది." ఆయన అద్దాలు పైకి తోసుకుని ఆ సందులోకి చూశారు. తన అంకెలు తనే చదువుకున్నారు.

"మరి ఆ ఖాళీ?" అన్నారు. "పేరు లేకండా ఏ సామెతా ఒగ్గలేదు మీ అమ్మ."

ఆయన జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది. తీసుకుని, వెనక పేజీలో, అమ్మ పేర్లు రాసే చోటే, 'ఇద్దరికీ' అని రాశాను. నాన్న చదివి తల ఊపారు. సిరా ఆరేదాకా ఆగాం. తర్వాత కట్ట ఎడమ అంచు నా వైపు తిప్పుకుని, "కదలకుండా పట్టుకో నాన్నా" అన్నాను. ఆయన రెండు అరచేతులూ దాని మీద పెట్టి ఒత్తి పట్టుకున్నారు, నేను మొదటి కన్నం పొడిచాను.