నెడ్రా జెప్సన్ గారి చావింటి దుంపలు

నెడ్రా జెప్సన్ గారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. మనిషి పోయాక తీసుకెళ్ళాల్సిన వంటకాన్ని ఆవిడ మనిషి ఉండగానే తీసుకెళ్ళేది.

ఆ వంటకం పేరు చావింటి దుంపలు. మా మోర్మన్ క్రైస్తవుల్లో ఎవరు పోయినా, పూడ్చి వచ్చాక చర్చి హాల్లో పెట్టే భోజనంలో అది ఉండి తీరాలి. తురిమిన బంగాళదుంపలు, చీజు, పుల్లటి మీగడ, డబ్బా సూపు కలిపి గాజు గిన్నెలో సర్ది, పైన వెన్నలో దొర్లించిన కార్న్‌ఫ్లేక్స్ చల్లి ఓవెన్‌లో పెడితే అయిపోతుంది. రుచికి వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. ఇబ్బందల్లా పేరుతోనే.

ఐడహో రాష్ట్రంలో వాళ్ళ ఊరి చర్చికి ఇరవై ఆరేళ్ళ పాటు చావు భోజనాలు చూసింది ఆవిడే. దాంతో చెయ్యి బాగా తిరిగింది. ఊళ్ళో ఎవరైనా రెండుసార్లు దగ్గినా, మెట్లెక్కుతూ ఆగినా, మర్నాడు మధ్యాహ్నానికి గుమ్మంలో అల్యూమినియం రేకు కప్పిన గాజు గిన్నె ప్రత్యక్షం. గిన్నెతో పాటు రెండు మాటలు కూడా వచ్చేవి. "వేడిగా ఉండగానే తినండి, ఆలస్యం చెయ్యకండి" అన్నది మొదటిది. "గిన్నె మాత్రం మీరే తెచ్చివ్వాలి, ఇంకొకరి చేత పంపిస్తే ఒప్పుకోను" అన్నది రెండోది. మొదటి మాటకి సగం ప్రాణం పోయినవాళ్ళకి రెండో మాటతో మిగతా సగం పోయేది.

ఎప్పుడో ఒక సోమవారం పాలకేంద్రం వాల్డో గారికి గిన్నె అందింది. గురువారం ఆయన పోయాడు. ఆయనకి తొంభై నాలుగేళ్ళనీ, అప్పటికే మూడుసార్లు పిల్లలందర్నీ పిలిపించుకుని వీడ్కోలు చెప్పాడనీ ఎవరికీ గుర్తులేదు. గిన్నె మాత్రం జిల్లా అంతటికీ గుర్తుంది.

ఇక ఈ గిన్నెల్ని గుమ్మం గుమ్మానికీ మోసేది ఆవిడ భర్త థేన్. డెబ్భై నాలుగేళ్ళ దుంపల రైతు, ఆరడుగుల మనిషి. ఉరిమితే పొలంలోంచి ఇంట్లోకి, ఇల్లు కిర్రుమంటే పొలంలోకి పరుగెత్తిన ధైర్యశాలి. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన భార్యని "ఇలా ముందే ఎందుకు తీసుకెళతావు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

ఆ ఏడు జనవరిలో ఇద్దరూ యూటాలో ఒక చిన్న ఊరి మోర్మన్ మందిరానికి ఏడాదిన్నర సేవకు వచ్చారు. కొండమీద మందిరం, కింద సేవకులు ఉండే ఎనిమిది వాటాల ఇల్లు. అన్నిట్లోనూ డెబ్భై దాటినవాళ్ళే. పొద్దున్నే తెల్లబట్టలు పట్టుకుని కొండెక్కడం, సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని దిగడం. నెడ్రా గారికి ఇంతకంటే అనువైన చోటు భూమ్మీద దొరకదు.

నవంబరులో పక్క వాటావిడ లవాన్ రిగ్బీ గారికి జలుబు చేసింది. థేన్ గిన్నె పట్టుకుని తలుపు తట్టాడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. సేవలో ఉన్న మగవాళ్ళని ఎల్డర్ అనీ, ఆడవాళ్ళని సిస్టర్ అనీ పిలవడం మా పద్ధతి.

"ఏమిటది, ఎల్డర్ జెప్సన్?"

"దుంపలు, సిస్టర్ రిగ్బీ."

"ఏ దుంపలు?"

థేన్ బూట్ల వైపు చూసుకున్నాడు. "అవే."

"డాక్టరు మీతో వేరేగా ఏమైనా మాట్లాడాడా?"

"మీ డాక్టరెవరో నాకు తెలీదండీ."

"మరి మీ ఆవిడకెలా తెలిసింది?"

"ఏం తెలిసిందండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను." తలుపు మూసుకుంది. గిన్నెని మాత్రం లోపలికి తీసుకున్నారు. ఆ దుంపల్ని వద్దనడం ఎవరివల్లా కాదు.

అప్పట్నుంచి థేన్ రేకు కప్పిందేదైనా చేత్తో పట్టుకుని నడవాలో వస్తే చాలు, వాటాల్లో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయేవి. ఒకసారి ఆయన తెచ్చుకుంటున్నది చెప్పుల పెట్టె. అయినా ఆరిపోయాయి.

వీళ్ళందరికీ అర్థం కానిది ఒక్క ఆర్వల్ టటిల్ సంగతి. పైవాటా ముసలాయన, ఎనభై నాలుగేళ్ళు, మందిరంలో బట్టలుతికే చోట పని. జెప్సన్‌లు వచ్చిన వారానికే ఆయన భార్య పోయింది. ఆయనకి మాత్రం నెడ్రా గారు నెలకొక గిన్నె చొప్పున, తనే స్వయంగా మెట్లెక్కి ఇచ్చేది. డిసెంబరుకి పదకొండు పూర్తయ్యాయి. మనిషి చెక్కుచెదరలేదు. "మొండి ఘటం" అనుకునేవాళ్ళు నడవాలో.

డిసెంబరు రెండో వారంలో థేన్ ఐస్‌క్రీం కోసం ఫ్రీజర్ తెరిచాడు. అడుగున మూడు గాజు గిన్నెలున్నాయి. మూడూ దుంపలే. గిన్నె ఎవరిదో తెలియడానికి పేరు రాసి కాగితపు టేపు అంటించడం మా ఆడవాళ్ళ అలవాటు. మొదటి గిన్నె మీద "థేన్, డిసెంబర్ 26" అని ఉంది. రెండోదాని మీద "థేన్, 29". మూడోది "థేన్, జనవరి 1".

థేన్ ఐస్‌క్రీం సంగతి మరిచిపోయి ఫ్రీజర్ మూసేశాడు. ఇరవై ఆరున తను పోతాడు. ఇరవై తొమ్మిదిన పూడుస్తారు. ఒకటో తారీఖుది దూరం నుంచి ఆలస్యంగా వచ్చే చుట్టాలకి. నెడ్రా ఎప్పుడూ లెక్క తప్పదు.

ఆ రోజు నుంచి ఆయనకి అన్నీ సాక్ష్యాలే. మర్నాడు భార్య ఆయన తెల్లచొక్కాలు పదీ ఇస్త్రీ చేసి వరసగా తగిలించింది. మా వాళ్ళలో మనిషిని సాగనంపేది మందిరపు తెల్లబట్టల్లోనే. అన్నిట్లోకీ కొత్త చొక్కా తీసి ఆయన భుజాలకి ఆనించి, "బాగానే సరిపోతుంది" అంది. ఇంకో సాయంత్రం ఐడహోలో ఉన్న కూతురితో ఫోన్లో గుసగుసగా, "మీ నాన్నకి తెలియనివ్వకు, తట్టుకోలేడు" అంటుంటే విన్నాడు.

క్రిస్మస్ పండగ దగ్గరపడింది. కొండమీద చెట్లకి దీపాలు పెట్టారు. పిల్లలు ఇంటింటికీ వచ్చి పాడుతున్నారు. థేన్ మాత్రం మణికట్టు పట్టుకుని తన నాడి తను చూసుకుంటూ తిరిగాడు. ముప్పై ఏళ్ళ కిందట ట్రాక్టరు విషయంలో మాట్లాడటం మానేసిన తమ్ముడికి క్షమించానని ఉత్తరం రాశాడు. తమ్ముడు కంగారుపడి, ఏమైందని ఫోన్ చేశాడు. సేవకులందరూ కలిసి తిన్న పండగ భోజనానికి ముందు ప్రార్థన ఈయన్ని చెయ్యమంటే, తన జీవితంలో చేసిన తప్పులన్నీ ఏడాది వరసలో చెప్పుకుంటూ పోయాడు. ఆయన ఇంకా పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో చేసిన తప్పుల దగ్గర ఉండగానే బల్లమీద హ్యామ్ మాంసం చల్లారిపోయింది.

"ఏమైంది నీకు? సగం తిండి వదిలేస్తున్నావు," అంది నెడ్రా.

"ఆకలి లేదు."

"ఇలా రా అయితే. ఈ వాషింగ్ మెషీన్ ఎలా తిప్పాలో చూపిస్తాను. తెల్లబట్టలకి ఈ బొత్తాం. గుర్తుంటుందా?"

"ఇప్పుడెందుకు నాకిది?"

"నేర్చుకుంటే తప్పేముంది ముసలాయనా?"

ఇరవై నాలుగో తారీఖు పొద్దున్న థేన్ తన మంచు ఎత్తే పార తీసుకుని పైవాటాకి వెళ్ళాడు. ఆర్వల్ నెత్తిమీద ఉన్ని టోపీతో వేడి చాక్లెట్ తాగుతున్నాడు.

"ఇది నువ్వు ఉంచుకో ఆర్వల్. నాకింక అవసరం ఉండదు."

"ఐడహో వెళ్ళిపోతున్నారా?"

"అంతకంటే దూరం," అని థేన్ కుర్చీలో కూలబడి, గిన్నెల సంగతంతా చెప్పాడు. "నువ్వు పదకొండు తిని బతికావు. ఎలా బతికావో చెప్పు."

ఆర్వల్ కప్పు కింద పెట్టాడు. "అవి నా చావు కోసం అనుకున్నావా? నా ఆఫ్టన్ పోయింది పదిహేడో తారీఖున. మొదటి రోజు ఊరంతా వంటలు తెచ్చింది, పెట్టుకోవడానికి బల్ల చాల్లేదు. ఫిబ్రవరి పదిహేడున ఎవరికీ గుర్తులేదు. మీ ఆవిడ ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. అప్పట్నుంచి ప్రతి పదిహేడున వస్తోంది. గిన్నె తిరిగివ్వాలంటే నేను గడ్డం గీసుకోవాలి, చొక్కా మార్చుకోవాలి, మెట్లు దిగాలి. వెళితే గంట కూర్చోబెడుతుంది. ఆ గిన్నె లేకపోతే నేను ఈ తలుపే తీసేవాణ్ణి కాదు."

ఆ పదకొండు గంటలూ థేన్ పక్కగదిలో కునుకు తీశాడు.

"సరే, నీ సంగతి చూద్దాం," అన్నాడు ఆర్వల్. "చొక్కాలు పది ఇస్త్రీ చేసిందా? ఒక్క మనిషిని ఎన్ని చొక్కాల్లో పూడుస్తారు? పైగా వాషింగ్ మెషీన్ నేర్పిందన్నావు. పోయేవాడికి బట్టలుతకడం ఎవరైనా నేర్పుతారా థేన్?"

"నేర్పరు."

"మరి ఎవరికి నేర్పుతారు?"

థేన్ లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఈ పదిహేను రోజులూ తను పడ్డది అసలు భయమే కాదని ఆయనకి అప్పుడు తెలిసింది. పార అక్కడే వదిలేసి, కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగాడు.

నెడ్రా వంటింట్లో కార్న్‌ఫ్లేక్స్ నలుపుతోంది. థేన్ వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. ఒకటి కొట్టుకుంది. ఆయన గుండె నాలుగుసార్లు కొట్టుకున్నాక గానీ రెండోది కొట్టుకోలేదని ఆయనకి అనిపించింది. అన్ని రోజులు తన నాడి చూసుకున్నాడు కానీ పక్కనే ఉన్న ఈ చెయ్యి పట్టుకోలేదు.

"నెమ్మదిగా కొట్టుకుంటోందిలే," అంది నెడ్రా. "ఇరవై ఆరున గుండె దగ్గర చిన్న మిషను పెడతారట. మందిరం అప్పటికి మూసేస్తారు కదా, సేవ పోదు. మూడు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాలి. వచ్చాక కూడా చెయ్యి పైకెత్తకూడదన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకా? పోయినేడు నా పన్ను పీకించుకోడానికి వెళితే బయట కూర్చున్న నువ్వు కళ్ళు తిరిగి పడ్డావు. ముందు నీ నుదుటికి కుట్లు వేసి ఆ తర్వాత నా పన్ను పీకాడు ఆయన."

"గిన్నెల మీద నా పేరు, తారీఖు రాస్తే నేనేమనుకోవాలి? నా రోజులు అయిపోయాయనుకున్నాను."

"తిండి అనుకోవాలి. గుడ్డు ఉడకబెట్టడం రాదు నీకు, మూడు రోజులకొకటి చొప్పున వేడి చేసుకుంటావని పెట్టాను." ఆవిడ నవ్వబోయింది, నవ్వు పూర్తిగా రాలేదు.

"నీకు భయంగా ఉందా?"

"ఉంది. అందుకే చేతులు ఖాళీగా ఉంచట్లేదు."

అప్పుడు థేన్ నలభై ఆరేళ్ళుగా అడగని ప్రశ్న అడిగాడు. నెడ్రా చేతులు తుడుచుకుని కూర్చుంది.

"మా అమ్మకి ఈ దుంపలంటే ప్రాణం. ఊళ్ళో ఎవరు పోయినా తనే వండి తీసుకెళ్ళేది. తను పోయిన రోజు మా ఇంటికి ఏడు గిన్నెలొచ్చాయి. ఒకటే ఏడుపొచ్చింది నాకు, అమ్మ కోసం కాదు, ఆ గిన్నెలు చూసి. రెండేళ్ళు మంచం మీద ఉంది థేన్. ఒక్కరూ ఒక్క గిన్నె తేలేదు. తినాల్సిన మనిషి తినకుండా పోయింది. అందుకే నేను ముందు తీసుకెళతాను. ఎవరేమనుకుంటే నాకేం?"

పండగ రోజు ఇద్దరూ ఎక్కడికీ వెళ్ళలేదు. థేన్ ఆవిడ చెయ్యి వదల్లేదు. ఒంటి చేత్తో కానుకలు విప్పడం ఎంత కష్టమో ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు.

ఇరవై ఆరున ఆపరేషను బాగా జరిగింది. థేన్ కూడా కళ్ళు తిరిగి పడిపోలేదు. జాగ్రత్త కోసం ఆర్వల్, లవాన్ గారు చెరో వైపు కూర్చుని ఆయన్ని పట్టుకున్నారు. మర్నాడు పొద్దున్న థేన్, ఆర్వల్ కలిసి వంటింట్లోకి దిగారు. ఇద్దరికీ కలిపి నూట యాభై ఎనిమిదేళ్ళు, వంటలో అనుభవం మాత్రం ఒక్క పూట కూడా లేదు. దుంపలు తురమడంలో థేన్ రెండు వేళ్ళు తురుముకున్నాడు. కార్న్‌ఫ్లేక్స్ ఒక అంచున నల్లబడ్డాయి. లవాన్ గారు కారు నడుపుతూ ఆ గిన్నె వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

నెడ్రా దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. రేకు కప్పిన గాజు గిన్నె పట్టుకుని మొగుడు గుమ్మంలో కనిపించేసరికి ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"డాక్టరు నీతో వేరేగా ఏమైనా మాట్లాడాడా?"

"లేదు. వేడిగా ఉండగానే తిను, ఆలస్యం చెయ్యకు."

లవాన్ గారు కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంది. నెడ్రా ఒక చెంచా నోట్లో పెట్టుకుని నమిలింది.

"ఉప్పేది?"

"మర్చిపోయాను."

నర్సు వచ్చి, ఉప్పు వెయ్యనందుకు థేన్‌ని మెచ్చుకుంది. నెడ్రా నల్లబడ్డ అంచుతో సహా తింది. తింటూ ఉండగా గిన్నె పక్కన కాగితపు టేపు వేలికి తగిలింది. గిన్నె తిప్పి చూసింది. వంకర అక్షరాలతో, "నెడ్రా. గిన్నె నువ్వే తెచ్చివ్వాలి. ఇంకొకరి చేత పంపిస్తే ఒప్పుకోను" అని రాసి ఉంది. ఆవిడ రెండుసార్లు చదివి, మొగుడి టోపీ సరిచేసింది.

ఆ తర్వాత మూడో రోజు మధ్యాహ్నం జెప్సన్‌ల వాటా తలుపు ఎవరో తట్టారు. థేన్ వెళ్ళి తీశాడు. ఆసుపత్రి నుంచి లవాన్ గారి కారులో వచ్చి, తన ఇంటి గుమ్మంలో తనే అతిథిలా నిలబడి ఉంది నెడ్రా, జుట్టు దువ్వుకుని, కడిగి తుడిచిన గిన్నె ఒక చేత్తో పట్టుకుని.

"లోపలికి రండి," అన్నాడు థేన్. "ఒక గంట కూర్చుని వెళ్ళండి."