చార్టుకు పెట్టిన బొట్టు

స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో గాజువాక దగ్గర బోల్టులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నాది క్వాలిటీ చూసే పని. రోజూ తయారైన సరుకులోంచి కొన్ని బోల్టులు తీసి, కొలిచి, రిజెక్టులు ఎన్నో లెక్కగట్టి, గోడమీది చార్టులో ఒక చుక్క పెట్టేవాణ్ణి. పైన ఒక గీత ఉండేది. చుక్క దాన్ని దాటిందంటే మిషన్లో ఎక్కడో తేడా వచ్చినట్టు. అలా దాటినదాన్ని ఎర్రసిరాతో పెట్టి, కారణం రాయాలి. ఆ చార్టంటే నాకు మహా ముచ్చట. ఎవరైనా దానికి వీపు ఆనిస్తే కసురుకునేవాణ్ణి.

ఆ దసరా ముందు చుక్కలన్నీ గీత కిందే బుద్ధిగా కూర్చున్నాయి. పండగ వెళ్ళగానే సరుకు కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తాడనీ, ఆయన చార్టుమీద సంతకం పెడితేనే నా ఉద్యోగం పర్మనెంటనీ మేనేజరు ముందే చెప్పాడు.

నేను సెలవు నుంచి వచ్చేసరికే ఆ ఇన్‌స్పెక్టరు చార్టు ముందు నిలబడి ఉన్నాడు. చివరి గడిలో, గీతకి బాగా పైన, ఎర్రచుక్క. కారణం లేదు. దాచిపెట్టారన్నమాట అన్నాడు. నేను పెట్టలేదంటే ఎవరు నమ్ముతారు?

నన్ను మొదటిరోజు నుంచీ బావా అనే లేతు ఆపరేటరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నానే ఎట్టేను బావ. మొన్న పూజకి మిషన్లన్నిటికీ బొట్టెట్టి దీనికెట్టకపోతే ఏటి బాగుంతది? పాడవుద్దని అగ్గిపుల్లతో సిన్నగా ఎట్టేను."

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగేశాను.

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి చుక్క అంచుని రుద్దాడు. వేలికి ఎర్రగా, గరుగ్గా పొడి అంటింది; సిరా కాదు. జేబురుమాలు తీయబోయి ఆగాడు. కుంకుమని తుడిచెయ్యడానికి మనసొప్పలేదేమో, కనుబొమల మధ్య పెట్టుకున్నాడు. అయినా పెట్టెలు తెరిపించి బోల్టులు తనే కొలిచాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ మనిషి నాకు భలే నచ్చాడు.

అప్పుడు పెన్ను నా చేతికిచ్చాడు.

"గీత దాటిన చుక్కకి కారణం ఉండాలి. రాయండి."

'ఆయుధపూజ' అని రాశాను. దాని కిందే ఆయన సంతకం చేశాడు.